జవాబు ముందే తెలిసిన ప్రశ్న ఎందుకు?

పోయిన సెమిస్టర్ మాకు ఇంగ్లీష్ ఓపెన్ ఎలక్టివ్ ఉండేది. నిజం చెప్పాలంటే అందులో చేరినవాళ్లలో చాలామందిమి నవలల మీద ప్రేమతో చేరలేదు. ల్యాబ్ ఉండదు, రికార్డు రాయక్కర్లేదు, క్లాసు ఏసీ సెమినార్ హాల్లో. అంతే. మేడం మొదటి వారంలోనే చెప్పేశారు: ఒక క్లాసిక్ నవల మొత్తం చదవాలి, ఇచ్చిన ఆరు ప్రశ్నల్లో ఒకటి ఎంచుకుని 1500 పదాల్లో వ్యాసం రాయాలి, ఇంటర్నల్స్‌లో 20 మార్కులు దానికే. నవల పేరు ‘ఫ్రాంకెన్‌స్టైన్’. రాసింది మేరీ షెల్లీ.

ప్రశ్నల లిస్టు క్లాస్ గ్రూపులో పడిన పది నిమిషాల్లో సగానికి పైగా సెక్షన్ ఒకటో ప్రశ్నకి ఫిక్స్ అయిపోయింది. నేను కూడా. శాస్త్రవేత్తకి తాను సృష్టించినదాని మీద ఎంతవరకు బాధ్యత ఉంటుంది? ఇదీ ప్రశ్న. సీఎస్‌ఈ వాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి! విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అంటే ఏఐ కంపెనీ, అతను తయారుచేసిన ప్రాణి అంటే ఏఐ, అది చేతులు దాటిపోయింది, కాబట్టి జాగ్రత్తగా ఉండాలి. అయిపోయింది వ్యాసం. మిగతా ఐదు ప్రశ్నలు చాలామంది చదవను కూడా చదవలేదు.

నేను ఆ రాత్రే 600 పదాలు కొట్టేసి, పుస్తకం ఒక్క పేజీ కూడా తెరవకుండా, అవుట్‌లైన్ అని మేడంకి పంపేశా. మర్నాడు ఒకే ఒక్క లైను జవాబు వచ్చింది. “ఇందులో నవల ఎక్కడుందమ్మా?”

అప్పుడు బాగా కోపం వచ్చింది. తర్వాత మళ్లీ చదువుకుంటే, నిజమే, ఎక్కడా లేదు. అందులో ఉన్నదంతా నేను వార్తల్లో చదివినదీ, యూట్యూబ్‌లో విన్నదీ. పైన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ తీసేసి మన ‘రోబో’ సినిమా పేరు పెట్టినా ఒక్క వాక్యం మార్చనక్కర్లేదు.

అందుకే ఈ వ్యాసం. నేను చెప్పదలుచుకున్నది ఇది: అసైన్‌మెంట్‌లో ప్రశ్న ఎంచుకోవడమే సగం పని, దాన్నేమో మనం తప్పు పద్ధతిలో చేస్తున్నాం. ఆరు ప్రశ్నలు ఇస్తే మన కళ్లు వెతికేది ‘వీటిలో నాకు వచ్చింది ఏది’ అని. చిన్నప్పట్నుంచి అలవాటైపోయింది కదా. పబ్లిక్ పరీక్షలో ఛాయిస్ అంటే అదే: వచ్చినవి రాయి, రానివి వదిలెయ్. పరీక్షకి అది కరెక్టే. కానీ చేతిలో పుస్తకం ఉంది, నాలుగు వారాల టైం ఉంది. అలాంటప్పుడు కూడా వచ్చిన ప్రశ్నే ఎందుకు పట్టుకోవాలి? జవాబు ముందే తెలిస్తే పుస్తకం తెరవాల్సిన పనే లేదు. తెరవకపోతే మనం రాసేది చాట్‌జీపీటీ రాసేదానికన్నా ఏ రకంగానూ మెరుగ్గా ఉండదు. ఇంకా అధ్వాన్నంగా ఉండొచ్చు, స్పెల్లింగులు దానివి బాగుంటాయి.

సరే, తిట్టుకుంటూనే చదవడం మొదలుపెట్టా. సుమారు 75,000 పదాల పుస్తకం. రోజూ రాత్రి హాస్టల్లో గంటసేపు. మొదటి రెండు రోజులు నిద్రొచ్చింది, దాచను. ఉత్తర ధ్రువం వైపు వెళ్తున్న వాల్టన్ అనే అతను ఓడలోంచి అక్కకి ఉత్తరాలు రాస్తుంటాడు. రాక్షసుడు ఏడి, ఈ ఉత్తరాలేంటి అనిపించింది. తర్వాత విక్టర్ కథ మొదలయ్యాక గబగబా నడిచింది.

ముందు నాకు తెలుసనుకున్నవి చాలా తప్పని తేలింది. ఫ్రాంకెన్‌స్టైన్ అనేది రాక్షసుడి పేరు కాదు, తయారుచేసినవాడి పేరు. ఆ ప్రాణికి పుస్తకం మొత్తంలో పేరే లేదు. విక్టర్ డాక్టర్ కూడా కాదు, స్టూడెంటు. పదిహేడేళ్లకి ఇంగోల్‌స్టాట్ యూనివర్సిటీలో చేరాడు. రెండేళ్ల దగ్గర ఒకే ప్రాజెక్టు మీద కూర్చుని, తిండి నిద్ర మానేసి, ఇంటికి ఉత్తరం కూడా రాయకుండా చేశాడు (మన ఫైనల్ ఇయర్ అన్నలు గుర్తొచ్చారు). నవంబర్ నెలలో ఒక రాత్రి అది కళ్లు తెరిచింది. అంటే కోడ్ రన్ అయింది. మనవాడు దాని మొహం చూసి, గదిలోకి పారిపోయి, పడుకున్నాడు!

మెడకి రెండు పక్కల బోల్టులు, మూలుగుతూ నడవడం, అదంతా 1931లో జేమ్స్ వేల్ తీసిన సినిమాలో బోరిస్ కార్లఫ్ వేషం. పుస్తకంలో ఆ ప్రాణి మాట్లాడుతుంది. మామూలుగా కాదు, లాయర్లా మాట్లాడుతుంది.

అసలు రాసినావిడ సంగతి తెలిశాక నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నా. మేరీ 1797 ఆగస్టులో పుట్టింది. పుట్టిన కొద్దిరోజులకే తల్లి చనిపోయింది. 1816 వేసవిలో జెనీవా సరస్సు దగ్గర ఈ కథ మొదలుపెట్టే నాటికి ఆమెకి పద్దెనిమిదేళ్లు. అంతకు ముందు ఏడాదే మొదటి బిడ్డని పోగొట్టుకుంది. రాస్తూ ఉండగానే పంతొమ్మిది వచ్చాయి. అంటే ఇప్పుడు నా వయసు. 1818 జనవరి 1న పుస్తకం పేరు లేకుండా అచ్చయింది, 500 కాపీలు. మగవాళ్లెవరో రాశారనుకున్నవాళ్లున్నారు.

ఇక ప్రశ్నల సంగతికొస్తా. చదవడం పూర్తయ్యాక లిస్టు మళ్లీ ముందు పెట్టుకున్నా. రెండో ప్రశ్న, అసలు రాక్షసుడు ఎవరు? దీనికి ‘విక్టరే’ అని అందరికీ తెలుసు. మూడోది, కథని ముగ్గురు ఒకరి లోపల ఒకరు ఎందుకు చెబుతారు? నాలుగోది, ఆడపాత్రలు ఎందుకు అంత మౌనంగా ఉంటాయి? ఐదోది, ఆ ప్రాణి భాష ఎలా సంపాదించుకుంది, దానివల్ల దానికి ఏం దక్కింది, ఏం దక్కలేదు? ఆరోది కొండలూ మంచూ వర్ణనల గురించి, దాన్ని గౌరవంగా వదిలేశా.

నేను చదివేటప్పుడు నచ్చిన చోట, చిరాకేసిన చోట పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నా. తిరగేసి చూస్తే గీతలన్నీ ఒకే చోట గుంపుగా ఉన్నాయి. ఆ ప్రాణి గుడిసె దగ్గర దాక్కుని ఉన్న అధ్యాయాల్లో.

చదవనివాళ్ల కోసం ఆ భాగం చెప్తా. విక్టర్ వదిలేశాక ఆ ప్రాణి అడవిలో తిరిగి తిరిగి ఒక ఇంటి పక్కన ఆనుకుని ఉన్న పాకలో దూరుతుంది. గోడలో చిన్న సందు ఉంటుంది. అందులోంచి చూస్తే లోపల ఒక కుటుంబం కనపడుతుంది. కళ్లు కనపడని ముసలాయన డి లేసీ, కొడుకు ఫీలిక్స్, కూతురు అగథా. ఫ్రెంచి వాళ్లు. నోటితో చేసే శబ్దాల వల్ల ఒకరు నవ్వుతున్నారు, ఒకరు ఏడుస్తున్నారు అని ఆ ప్రాణి గమనిస్తుంది. మొదట నేర్చుకున్న మాటలు నిప్పు, పాలు, రొట్టె, కట్టెలు. తర్వాత వాళ్ల పేర్లు. రాత్రిపూట వాళ్లకి తెలియకుండా కట్టెలు కొట్టి తెచ్చి గుమ్మంలో పెడుతుంది. నెలల తరబడి ఇదే.

తర్వాత సఫీ వస్తుంది. టర్కీ వ్యాపారి కూతురు, ఫీలిక్స్ ప్రేమించిన అమ్మాయి. ఆమెకి ఫ్రెంచి రాదు. ఫీలిక్స్ ఒక పుస్తకం పెట్టుకుని ఆమెకి పాఠం చెబుతుంటే, గోడకి ఇవతల ఈ ప్రాణి కూడా అదే పాఠం వింటుంది. పైగా ఆమెకన్నా తొందరగా నేర్చుకుంటుంది.

ఇక్కడే నా పెన్సిల్ గీతలు లావుగా ఉన్నాయి. ఎందుకో చెప్పాలంటే కాస్త సొంత గోల చెప్పాలి.

నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. స్కూల్లో తెలుగు మాట్లాడితే పది రూపాయలు ఫైన్. టెన్త్ దాకా తెలుగు ఒక సబ్జెక్టు, అంతవరకే. ఇంటర్‌లో మార్కులు బాగా వస్తాయని సంస్కృతం ఇప్పించారు. ఆ కథ మీలో సగం మందిది కూడా, నాకు తెలుసు. నాకు వచ్చిన తెలుగులో ఎక్కువ భాగం ఎవరూ నాకు నేర్పింది కాదు. ఎండాకాలం సెలవుల్లో తెనాలిలో అమ్మమ్మ వాళ్లింట్లో విన్నది. సాయంత్రం అరుగు మీద పక్కింటి మామ్మగారు వారపత్రికలో సీరియల్ పైకి చదివేవారు. అమ్మమ్మ వింటూ మధ్యలో కథలోని కోడల్ని తిట్టేది. నేను లోపలి గదిలో మంచం మీద ఫోన్లో గేమ్ ఆడుతున్నట్టు ఉండి వినేదాన్ని. నాతో మాట్లాడేటప్పుడు అమ్మమ్మ కూడా నాకోసం మాటలు తేలిక చేసేది, మధ్యమధ్యలో ఇంగ్లీష్ ముక్కలు పెట్టి. అసలు తెలుగు మాత్రం కిటికీ అవతల నడుస్తూ ఉండేది.

ఇదే క్లబ్బుకి ఫస్టియర్‌లో నా మొదటి వ్యాసం ఇస్తే ‘ళ’కీ ‘ల’కీ తేడా తెలియదని ఒక అన్న అందరి ముందూ చదివి నవ్వించాడు. ఎవరూ కర్ర పుచ్చుకుని కొట్టలేదు, నాకు పోలిక తెలుసు, అతి చేయడం లేదు. కానీ ఆరు నెలలు మళ్లీ ఏమీ రాయలేదు.

అందుకని ఐదో ప్రశ్న నాదైంది. గమనించండి, ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఒక దురద ఉంది, అంతే. ఒకటో ప్రశ్నకి జవాబు ఉండి దురద లేదు.

ప్రశ్న తీసుకున్నాక ఒక పిచ్చి పని చేశా, అదే బాగా ఉపయోగపడింది. ఇంగ్లీష్ ప్రశ్నని తెలుగులో రాసుకున్నా. భాషని ‘సంపాదించుకోవడం’ అని ముందు రాశా, ఏదో జీతంలా ఉంది. ‘నేర్చుకోవడం’ అని కొట్టేసి రాశా. అప్పుడు గుర్తొచ్చింది, మనం అసలు అలా అనం కదా. ‘నీకు తెలుగు వచ్చా?’ అంటాం. ‘నాకు సరిగ్గా రాదు’ అంటాం. మన లెక్కలో భాష మన దగ్గరికి వస్తుంది. ఆ ప్రాణికీ వచ్చింది, నిజంగానే చాలా బాగా వచ్చింది. మరి వచ్చాక ఎక్కడ ఆగిపోయింది? ఇదీ నా ప్రశ్న. మేడం ఇచ్చిన ప్రశ్నకన్నా చిన్నది. అలా చిన్నది చేసుకుంటే తప్ప 1500 పదాల్లో ఏదీ పట్టదు. నాలుగు చోట్లు మాత్రమే తీసుకున్నా.

ఒకటి, ఆ మొదటి రాత్రి. విక్టర్ పడుకుని కలత నిద్రలోంచి లేచేసరికి ఆ ప్రాణి మంచం తెర పైకెత్తి చూస్తుంటుంది. నోరు తెరిచి ఏదో అనబోతుంది, మాటలు లేవు, శబ్దమే. ఒక చెయ్యి ముందుకు చాస్తుంది. విక్టర్ మేడ దిగి పారిపోతాడు. అప్పుడు భాష లేదు కాబట్టి కుదరలేదు అనుకుందాం.

రెండోది, డి లేసీ దగ్గర. ముసలాయన ఒక్కడే ఉన్నప్పుడు చూసి లోపలికి వెళ్తుంది. మాట విని ఆయన ‘నువ్వు మా దేశం వాడివేనా’ అన్నట్టు అడుగుతాడు. కాదు, ఒక ఫ్రెంచి కుటుంబం దగ్గర నేర్చుకున్నాను, నాకు వచ్చింది ఆ భాష ఒక్కటే అంటుంది. ఆ కుటుంబం నువ్వే అని చెప్పలేదు! ముసలాయన నమ్ముతాడు, దయగా మాట్లాడతాడు. ఇంతలో మిగతావాళ్లు వచ్చేస్తారు. అగథా మూర్ఛపోతుంది. ఫీలిక్స్ కర్రతో బాదుతాడు. సఫీ బయటికి పరిగెత్తిపోతుంది. అవును, ఆ సఫీయే. ఒకే పాఠం నుంచి, ఒకే భాష నేర్చుకున్న ఇద్దరిలో ఒకరు ఇంటి మనిషి అయ్యారు, ఒకరు తన్నులు తిన్నారు. కాబట్టి భాష రాకపోవడం అసలు సమస్యే కాదు.

మూడోది, ఆల్ప్స్‌లో మంచు కొండ మీద విక్టర్‌ని కలిసినప్పుడు. నిన్ను చూడలేను పో అంటే ఆ ప్రాణి తన చేతులు తీసి విక్టర్ కళ్లకి అడ్డం పెడుతుంది. చూడొద్దు, విను అని. విక్టర్ విసిరికొడతాడు, కానీ చివరికి వింటాడు. తోడుగా ఒక ఆడప్రాణిని చేసిస్తానని ఒప్పుకుంటాడు కూడా. మాట గెలిచింది ఈ ఒక్కసారే. అది కూడా నిలబడలేదు, సగంలో ఉన్న ఆ రెండో ప్రాణిని విక్టరే ముక్కలు చేసేస్తాడు.

నాలుగోది నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించింది. విక్టర్ చావబోతూ వాల్టన్‌ని హెచ్చరిస్తాడు: వాడు మాటకారి, వాడి మాట నమ్మకు. ఇంతవరకు మాట లేక మృగమన్నారు. ఇప్పుడు మాట బాగా వచ్చింది కాబట్టి మోసగాడంటున్నారు. మరి వాడు ఎలా మాట్లాడితే సరిపోయేది?

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ప్రాణి అమాయకం కాదు. చిన్న పిల్లవాడు విలియంని చంపింది. ఆ నేరం మీద ఏ పాపం తెలియని జస్టిన్‌ని ఉరితీశారు. క్లర్వల్‌ని, ఎలిజబెత్‌ని కూడా చంపింది. నా మొదటి డ్రాఫ్టులో ఇవన్నీ ఒక్క లైనులో దాటేశా, ఎందుకంటే నాకు వాడి మీద జాలి. మేడం అక్కడ ఎర్ర సున్నా చుట్టారు. దురద ఉన్న ప్రశ్న తీసుకుంటే వచ్చే ప్రమాదం ఇదే, మనకి నచ్చనివి కనపడవు.

ఇంకోటి, మంచి ప్రశ్న పక్క ప్రశ్నల్ని కూడా లాక్కొస్తుంది. వాడి మాటలు మనం నేరుగా ఎక్కడ విన్నాం? వాడు విక్టర్‌కి చెప్పాడు, విక్టర్ వాల్టన్‌కి చెప్పాడు, వాల్టన్ రాసుకున్నాడు. రాసుకున్నదాన్ని విక్టర్ అడిగి తీసుకుని తనే దిద్దాడు కూడా. అంటే నేను నిద్రపోయిన ఆ ఓడ ఉత్తరాలు ఊరికే లేవు. మూడో ప్రశ్న వద్దనుకున్నా నా వ్యాసంలోకి వచ్చేసింది.

మా రూమ్మేట్ వాదన వేరు, అది కూడా చెప్పాలి. “20 మార్కుల దానికి ఇంత సీనెందుకే? అవతల డీఎస్‌ఏ ఉంది, ప్లేస్‌మెంట్స్ ఉన్నాయి” అంది. తప్పని అనలేను. తను ఒకటో ప్రశ్న రాసింది, ఒక్క రాత్రిలో. తనకి 17 వచ్చాయి. నాకు 15. చివరి పేరా తొందరలో పాడుచేశా, మేడం మార్కులు కరెక్టే. కాబట్టి నా పద్ధతికి మార్కులు ఎక్కువ వస్తాయని మాత్రం చెప్పను.

ఒకటో ప్రశ్న చెడ్డదని కూడా నా ఉద్దేశం కాదు. మా క్లాసులోనే ఒకబ్బాయి అదే తీసుకుని, ఏఐ మాట ఎత్తకుండా, విక్టర్ ఆ రెండో ప్రాణిని నాశనం చేసిన ఒక్క సీను మీద రాశాడు. అది బాధ్యతా, లేక మొదటిసారిలాగే ఇంకోసారి తప్పించుకోవడమా అని. పుట్టని ఆ ఆడప్రాణి ఒప్పందానికి ఒప్పుకోకపోవచ్చని విక్టర్ భయపడతాడట, మరి ఆ మాట తను ప్రాణం పోసిన మొదటివాడి విషయంలో ఎందుకు తట్టలేదు అని అడిగాడు. క్లాసులో చదివితే నాకు కుళ్లు పుట్టింది. వాడూ పుస్తకం తెరిచాడు, అదే తేడా.

ఈ సెమిస్టర్ ఎలక్టివ్ తీసుకున్న జూనియర్లు పాత వ్యాసాలు పంపమని మెసేజ్‌లు పెడుతున్నారు. నాది పంపను, పంపినా పనికిరాదు. పుస్తకం మాత్రం ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఫ్రీగా ఉంది. 1818 ప్రతి, 1831లో మేరీ మార్చిన ప్రతి రెండూ చదవొచ్చు. ఏది చదువుతున్నారో చూసుకోండి, పాత ప్రతిలో ఎలిజబెత్ విక్టర్‌కి మేనత్త కూతురు, కొత్తదాంట్లో పెంచుకున్న పిల్ల. మా క్లాసులో ఇద్దరు దీనిమీద పావుగంట కొట్టుకున్నారు, ఇద్దరూ కరెక్టే.

వ్యాసం తిరిగొచ్చినప్పుడు మార్జిన్‌లో మేడం పెన్సిల్‌తో ఒక ప్రశ్న రాశారు. వాడు కోరుకున్నది తనని మనిషిలా చూడాలని అని నేను రాసిన చోట, “చూడాలనా, వినాలనా?” అని. మార్కులు వేసేశారు కదా, అక్కడితో వదిలేయొచ్చు. కానీ మళ్లీ చివరి పేజీలు తీశా. విక్టర్ శవం పక్కన ఆ ప్రాణి నిలబడి ఉంటుంది. వాల్టన్ లోపలికొస్తాడు. ఆ మొహం చూడలేక, తనకి తెలియకుండానే కళ్లు మూసుకుంటాడు. మూసుకునే ఉండి, వెళ్లొద్దు ఆగు అంటాడు. కళ్లు లేని డి లేసీ, కళ్లకి చేతులు అడ్డం పెట్టించుకున్న విక్టర్, కళ్లు మూసుకున్న వాల్టన్. ఇది నాకు సబ్మిషన్ అయిన మూడు వారాలకి కనపడింది. నా వ్యాసంలో లేదు.